ఎండ సాకు

హాజీ కస్బీ మోటార్ సైకిల్ వాకిట్లో ఆగేసరికి రొహాయు పెరటి కుళాయి దగ్గర పీట మీద కూర్చుని పళ్ళేలు తుడుస్తోంది. పెళ్ళై రెండు వారాలు కావస్తోంది. విందుకని ఊరంతా తిరిగి తెచ్చిన పళ్ళేలు ఇంకా ఎవరి ఇళ్ళకి వాళ్ళకి చేరుతూనే ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియడానికి అడుగున గోళ్ళరంగు చుక్క పెట్టుకుంటారు ఈ ఊళ్ళో. ఎర్ర చుక్క మిస్లియా అక్కది, ఊదా చుక్క హాజీగారింటిది, ఏ చుక్కా లేకుండా అంచు నొక్కుకుపోయినవి తుమినా వాక్‌వి. ఆ చుక్కల్ని చూస్తే రొహాయుకి నవ్వొచ్చేది. ఈ రెండు వారాలుగా ఆమెకి ప్రతిదానికీ నవ్వే వస్తోంది. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటే నవ్వు. గుమ్మం దగ్గర తన చెప్పుల పక్కన భర్త ఫౌజాన్ చెప్పులు పడవల్లా కనిపిస్తే నవ్వు. అతను టీ తాగేముందు గ్లాసులోకి ఊదే ఊపుకి కళ్ళజోడు మసకబారితే, ఇక చెప్పనక్కర్లేదు.

"సితమ్, నీ కొడుకేడీ? పోనీ, కోడలుంది చాలు," అంటూ హాజీగారు హెల్మెట్ చంకలో పెట్టుకుని పెరట్లోకి నేరుగా వచ్చేశాడు. "శనివారం జిల్లా ఊరేగింపు ఉందిగా. బుగిస్‌లు, బంజర్‌లు, మినాంగ్‌లు, ఏ జాతివాళ్ళు ఆ వేషంతో వస్తారు. జావా వాళ్ళ తరఫున ఈసారి మన ఊరు. పైగా అందరికంటే ముందు నడిచేది మనమే. ఇప్పుడే ఫోనొచ్చింది."

అత్తగారు సితమ్ తడి చేతులు బట్టకేసి తుడుచుకుంది. "ముందా? పోయినేడు మనల్ని అంబులెన్స్ ముందు నడిపించారు. ఎవరైనా పడిపోయారేమోనని జనం మనకేసి చూడటమే."

"అదే చెప్తున్నా విను. ముందు వరసకి ఒక జంట కావాలన్నారు, పెళ్ళి బట్టల్లో. నాటకం జంట వద్దు, నిజంగా కొత్తగా పెళ్ళైనవాళ్ళుంటే మేలన్నారు. మా ఊళ్ళో తాజాది ఒకటుందని చెప్పాను."

"తాజాదేమిటి హాజీ, బజార్లో చేపలాగా," అంది సితమ్. "అయినా మా కోడలు బుగిస్ పిల్ల కదా. జావా వరసకి ముందెలా నడుస్తుంది?"

"రెండు వారాలుగా మీ ఇంటి అన్నం తింటోంది. అయిపోయిందిలే, జావా అయిపోయింది."

రొహాయు సంతోషంతో లేచి, తను ఎక్కడుందో మరిచి, రెండు చేతులూ చాచి సలాం చెయ్యబోయింది. హాజీగారు నవ్వుతూ అరచేతిని తన గుండెకి ఆనించుకుని తల వంచాడు. పరాయి ఆడవాళ్ళ చెయ్యి ముట్టుకోడు ఆయన. రొహాయు నాలుక కరుచుకుని చేతులు వెనక్కి తీసుకుంది. వాటికి సబ్బు నురగ కూడా ఉంది.

ఫోన్ తీసి ఫౌజాన్‌కి చెప్పింది. పామాయిల్ మిల్లు చప్పుడులో అతనికి సగం వినబడింది. "మళ్ళీ పెళ్ళా? ఎవరితో?" అన్నాడు. నవ్వి పెట్టేసి, తెరమీది బొమ్మని కాసేపు చూసుకుంది. పెళ్ళినాటి ఫొటో అది. కారు దిగి వేదిక దాకా నడుస్తున్న ఇద్దరు, పైన జాలరు వేలాడే పసుపు గొడుగు. గొడుగు కర్రని పట్టుకున్న చెయ్యి మణికట్టు దాకానే ఉంది. ఆ చెయ్యి తుమినా వాక్‌ది. ఫొటోలో తామిద్దరే ఉంటే బాగుంటుందని మిగతాదంతా రొహాయే కత్తిరించేసింది.

మర్నాటి సాయంత్రం ఊరి సభామందిరం ముందు మొదటిసారి నడిచి చూసుకున్నారు. ముందు జంట, వాళ్ళ వెనక అంబెంగ్ పళ్ళేలు మోసే ఆడవాళ్ళు, ఆ వెనక డప్పులతో మగవాళ్ళు. అంబెంగ్ అంటే ఒకే పెద్ద పళ్ళెంలో కుప్పపోసిన అన్నం, చుట్టూ కోడికూర, సేమ్యా, వేయించిన కొబ్బరి. నలుగురు చుట్టూ కూర్చుని తినేది. అందరూ ఖాళీ పళ్ళేలతో నడుస్తుంటే తుమినా వాక్ తన పళ్ళెంలో ఒక ఇటుక పెట్టుకుని వచ్చింది.

"ఇదేం కూర వాక్?" అంది మిస్లియా అక్క. వరసలో నోరు మూసుకోనిది ఆవిడొక్కతే.

"బరువు లేకుండా నడిస్తే అది దొంగ నడక. శనివారం అన్నం పెట్టగానే నడుం వంకర తిరుగుతుంది, అప్పుడు చూద్దాం నీ కూర."

వాక్ వరస మధ్యలో ఉంది. ఊరంతా ఆమెని వాక్ అనే అంటారు, పెద్దమ్మ అన్నట్టు. ముడతలు పడ్డా ఇంకా తెల్లగా ఉండే ముఖం, సన్నని కళ్ళు. పొత్తిళ్ళలో ఉండగా ఒక చైనా దంపతులు ఇక్కడి జావా ఇంట్లో ఇచ్చి వెళ్ళిన పిల్ల. మిస్లియా అక్క ఒకసారి మాటల్లో అంది ఆ సంగతి. ఊళ్ళో అది దాచుకునేదీ కాదు, పనిగట్టుకుని చెప్పుకునేదీ కాదు. ఆమె నడకలో ఒక లయ ఉంది. డప్పు మొదలవకముందే కాలు దాన్ని అందుకుంటుంది. రొహాయు రెండుసార్లు వెనక్కి తిరిగి ఆ కాళ్ళనే చూసి, తనూ అలా వెయ్యబోయి, ఫౌజాన్ కాలు తొక్కింది.

"ఇంకా బట్టలే కట్టలేదు, అప్పుడే తొక్కేస్తున్నావు," అన్నాడతను.

ఇంటికొచ్చాక ఆనందం పట్టలేక వరస ఫొటో ఒకటి తన కాలేజీ స్నేహితులకి పంపింది. దీపాలు పెట్టకముందే జవాబులు రాలాయి. ఎంత బాగున్నారో అన్నారు. మీ ఆయన పొట్ట లోపలికి లాగాడా అన్నారు. తర్వాత ఎరినా రాసింది: "అంతా అసలుసిసలు జావా. మధ్యలో ఆ చైనా ఆంటీ ఎవరు? దారి తప్పి వచ్చిందా?" దాని కింద నవ్వు మొహాలు ఒకటి, రెండు, అయిదు. జోహోర్ బారులో పెద్ద ఉద్యోగం ఎరినాది. కాలేజీలో ఏ బట్ట బాగుందో, ఏది పల్లెటూరి బట్టో తేల్చేది తనే. రొహాయు బొటనవేలు కాసేపు తెరమీద గాల్లో ఆగింది. ఆవిడ మా వాక్ అని రాయొచ్చు. రాస్తే ఇంకేదో అడుగుతారు. తనూ ఒక నవ్వు మొహం పెట్టేసింది.

ఆ నవ్వు మొహం పెట్టాక ఫొటో మునుపటిలా కనిపించలేదు. ఎటు చూసినా కన్ను మధ్యకే పోతోంది. శనివారం పెద్ద కెమెరాలొస్తాయి. వేదిక మీద కూర్చున్నవాళ్ళు ఎరినాలాగే అనుకుంటే? వరసని ముందుండి నడిపించేది తను. తప్పెవరిదైనా తన మీదకే వస్తుంది. చెడ్డగా చెయ్యక్కర్లేదు, మెల్లగా చెప్పొచ్చు. వయసైంది, ఎండ. తనకి కలిగిన ఈ ఆలోచన ఎంత మెత్తగా ఉందో చూసి రొహాయుకి ధైర్యం కూడా వచ్చింది.

పొద్దున అంచు నొక్కుకుపోయిన పళ్ళేలు తిరిగివ్వాలన్న వంకతో వెళ్ళింది. వాక్ వంటింటి గడపలో కూర్చుని, ఉడికి పొట్టు తీసిన సోయా గింజల్ని అరటాకుల్లో పొట్లాలు కడుతోంది. రెండు రోజులకి బూజు పట్టి గట్టిపడి టెంపే అవుతాయి అవి. ఎడమ చేత్తో ఆకు, కుడి చేత్తో గుప్పెడు గింజలు, రెండు మడతలు, తాటినారతో ఒక ముడి. రొహాయు పక్కన చతికిలబడి తనూ ఒక ఆకు అందుకుంది. ఆమె కట్టిన పొట్లం పక్కకి ఒరిగిపోయింది.

"వాక్, శనివారం ఎండ బాగా ఉంటుందట."

"మన దగ్గర ఎప్పుడు లేదు?"

"అంటే, మీకు వయసూ అదీ. ఆ ఎండలో పళ్ళెం మోసుకుంటూ అంత దూరం. టెంట్‌లో కూర్చుని పళ్ళేల్లోకి అన్నం సర్దడం చూసుకుంటే బాగుంటుందని. అది కూడా పెద్ద పనే. మీరైతేనే కుదురుతుంది."

వాక్ చేతులు ఆగాయి. ఎక్కువసేపు కాదు, ఒక ముడి వేసేంతసేపు. తర్వాత ఆ ముడి వేసేసింది.

"కస్బీ చెప్పమన్నాడా?"

"లేదు వాక్. నేనే అనుకున్నాను."

"ఆహా," అంది వాక్. ఒరిగిపోయిన పొట్లాన్ని విప్పి, గింజలు సర్ది, మళ్ళీ కట్టింది. "సరేనమ్మా. ఎండ అంటే ఎండే."

తేలిగ్గా అయిపోయిందని ఊపిరి పీల్చుకుని తలెత్తిన రొహాయుకి గది తలుపు మీద వేలాడుతున్న గోధుమరంగు కెబాయా జాకెట్టు కనిపించింది. ఇస్త్రీ చేసి ఉంది. గుండెల మీద పెట్టుకోవలసిన పిన్నులు ముందే వరసగా గుచ్చి ఉన్నాయి. దాని కింద మడత పెట్టిన, నడుముకి చుట్టుకునే బాటిక్ బట్ట. మూలన ప్లాస్టిక్ సంచి తొడిగి నిలబెట్టిన పసుపు గొడుగు.

వాక్ ఆ చూపుని పట్టుకుంది. లేచి, మోకాలి మీద చెయ్యి ఆన్చి వెళ్ళి, బాటిక్ బట్టని తెచ్చి రొహాయు ఒళ్ళో పెట్టింది. "ఇది నువ్వు కట్టుకో. మా అమ్మది. ముందు నడిచేవాళ్ళకైతే అందం." మళ్ళీ కూర్చుంటూ అంది, "బుగిస్ పిల్లవి, రెండు వారాల్లో జావా అయిపోయావు. అదృష్టవంతురాలివి. నాకు డెబ్బై ఏళ్ళు దాటాయి, ఇంకా పని పూర్తి కాలేదు."

అని నవ్వింది. రొహాయు కూడా నవ్వింది. వీధి మలుపు దాకా నడిచాక ఆ నవ్వు మొహం మీంచి జారిపోయింది. బట్టకి ఇంకా ఇస్త్రీ వేడి ఉంది. చంకలో పెట్టుకుంటే ఆ వేడి జాకెట్టులోంచి తగులుతూనే ఉంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర సితమ్ ఆ బట్టని చూసి గరిటె ఆపింది. "ఇది వాక్ ఇచ్చిందా? తన కూతుళ్ళకి కూడా ఇవ్వలేదే."

"వాక్ శనివారం నడవట్లేదమ్మా. టెంట్‌లో ఉంటానంది. ఎండ కదా."

"వాక్‌కి ఎండా?" అన్నాడు ఫౌజాన్. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి భార్యకేసి చూశాడు. అనుమానంతో కాదు, ఏదో జోకు తనకి అర్థం కానట్టు. రొహాయు అతని కంచంలో కొబ్బరి వేసింది. అడగకుండా రెండోసారి కూడా వేసింది. ఈ రెండు వారాల్లో మొదటిసారి, అతను టీ ఊదుతుంటే ఆమెకి నవ్వు రాలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక, ఎండ కాస్త వాలే వేళకి, పూర్తి బట్టలతో ఆఖరిసారి నడిచి చూడాలని అందరూ సభామందిరం దగ్గర చేరారు. జరీ బట్టలో రొహాయు, దాని నడుము మీద వాక్ బాటిక్. మిస్లియా అక్క ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, "అచ్చం కేకు మీద పెట్టే బొమ్మలా ఉన్నావు," అంది. పళ్ళేల వరస మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. ఎవరూ దాన్ని పూడ్చలేదు. జరగమని రొహాయు చెయ్యి ఊపింది. ఆడవాళ్ళు జరిగినట్టే జరిగి మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడ్డారు. డప్పు మొదలైంది. కాళ్ళు ఒకటి ముందు, ఒకటి వెనక పడుతున్నాయి.

హాజీ కస్బీ చెయ్యెత్తి ఆపాడు. వరస పొడుగునా చూశాడు. "వాక్ ఏదీ?"

"వెనక టెంట్‌లో," అంది మిస్లియా అక్క. "కొత్త కోడలు కూర్చోబెట్టింది. ఎండ తగులుతుందట."

ఎవరూ నవ్వలేదు. అదే రొహాయుకి మొదట తెలిసింది. ఈ ఊళ్ళో ఎవరైనా ఎండ పేరు చెప్పి పని తప్పించుకుంటే గంటసేపు ఆటపట్టిస్తారు. ఇప్పుడు కొందరు పళ్ళెం చెయ్యి మార్చుకున్నారు.

హాజీగారు మందిరం పక్కనుంచి టెంట్ దగ్గరికి నడిచాడు. రొహాయు ఉన్నచోటు నుంచే కనిపిస్తోంది. వాక్ చాపమీద కూర్చుని తురిమిన కొబ్బరిని వెదురు చాటలో పరుస్తోంది. హాజీగారు చెప్పులు విప్పి, ఆమె ముందు గొంతుకూర్చుని, చెయ్యి చాచాడు. వాక్ తన చేతిని కొంగుకి తుడుచుకుని ఇచ్చింది. ఆయన ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆన్చుకుని, అలాగే కాసేపు ఉన్నాడు. ఆయన వెనకే డప్పు పక్కన పెట్టి ఇంకొకాయన వెళ్ళాడు. అతనూ అంతే.

"హాజీగారు ఆడవాళ్ళ చెయ్యి ముట్టుకోరు కదా," అంది రొహాయు.

"పరాయి ఆడవాళ్ళది," అన్నాడు ఫౌజాన్, తలపాగా సరిచేసుకుంటూ. "అమ్మ చెయ్యికేం?"

"వాక్ ఆయనకి అమ్మా?"

అతను వింతగా చూశాడు. "నీకు తెలీదా? అప్పట్లో ఆడవాళ్ళంతా తెల్లారకుండానే రబ్బరు తోటకి పాలు గియ్యడానికి పోయేవాళ్ళు. పిల్లల్ని వాక్ దగ్గర పడేసేవాళ్ళు. ఆవిడకెప్పుడూ చంకలో ఒక పసిబిడ్డ ఉండేది. ఏడ్చినవాడికల్లా పాలిచ్చేది. హాజీ, ఆ డప్పాయన, మా నాన్న, మిస్లియా అక్క వాళ్ళ పెద్దక్క, అందరూ ఆవిడ పాలు తాగినవాళ్ళే. మా నాన్నకి ఆ పెద్దక్కనే ఇద్దామనుకున్నారట. వెళ్ళి వాక్‌ని అడిగితే, ఇద్దరూ నా పాలే తాగారు, అన్నాచెల్లెళ్ళు, కుదరదంది. లేకపోతే మా అమ్మ వచ్చేదీ కాదు, నేను పుట్టేవాణ్ణీ కాదు." నవ్వాడు. "మన పెళ్ళిలో గొడుగు ఎవరు పట్టారనుకున్నావు? మా నానమ్మే కదా పట్టాలి."

రొహాయుకి జరీ బట్ట ఒక్కసారిగా బరువైంది. పెళ్ళిలో ఆ జాలరు నుదుటికి తగిలి గిలిగింతలు పెట్టడం గుర్తుంది. నవ్వు ఆపుకోలేకపోవడం గుర్తుంది. కారు నుంచి వేదిక దాకా ఎత్తిపట్టిన ఆ చెయ్యి వణికిందో లేదో గుర్తు లేదు. చూడనే లేదు. ఎవరో పనికి పిలిచిన పక్కింటావిడ అనుకుంది.

"ఎండ కాదు," అంది.

"ఏమిటి?"

ఫోన్ తీసి ఎరినా రాసింది చూపించింది. ఫౌజాన్ చదివాడు. వేలితో కిందికి జరిపాడు, నవ్వు మొహాల మీదుగా, ఆమె పేరు దాకా. అక్కడ ఆగాడు. అతను ఏదైనా అంటే బాగుండునని ఆమె ఎదురుచూసింది. అతను ఫోన్ మూసి ఆమె చేతిలో పెట్టి, ఊడకుండానే ఉన్న చొక్కా గుండీని ఒకసారి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాన్న ఉంటే," అన్నాడు.

ఆ నవ్వు మొహాన్ని తుడిచెయ్యొచ్చు. ఆమె తుడిచేసింది కూడా, అక్కడే నిలబడి. తుడిచేశాక ఇంకేం మిగలలేదు, ఫౌజాన్ చూసిన చూపు తప్ప.

జరీ అంచుని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని టెంట్ దాకా నడిచింది. వెనక అందరి కళ్ళూ ఉన్నాయని వీపుకి తెలుస్తోంది. హాజీగారు ఇంకా అక్కడే గొంతుకూర్చుని, "మీకు తల తిరుగుతోందా? డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అని వాక్‌ని అడుగుతున్నాడు. మిస్లియా అక్క అప్పటికే టెంట్ తాడు పట్టుకుని నిలబడింది. ఒక్క మాట కూడా పోనివ్వకూడదన్నట్టు చెవి ఇటే పెట్టింది.

"హాజీగారూ," అంది రొహాయు. "వాక్‌కి ఏం లేదు. ఎండ అని చెప్పింది నేను. నిజానికి ఎండ కాదు. ఒక ఫొటోలో..."

"ఎండే," అంది వాక్.

చాటలోంచి తల ఎత్తకుండానే అంది. కొబ్బరిలో ఒక పెంకు ముక్క దొరికితే ఏరి పక్కన పెట్టింది.

"వాక్, నేను..."

"పిల్ల మాట మధ్యలో పెద్దవాళ్ళు రాకూడదు, వచ్చాను. నాకు ఈ మధ్య ఎండ పడట్లేదు కస్బీ. నేనే చెప్పుకోలేదు. ఇది కనిపెట్టింది. ఊళ్ళో ఇంతమందికి పాలిచ్చాను, ఒక్కడికైనా తట్టిందా, ముసలిది ఎండలో నడుస్తోందే అని? నీకు తట్టిందా?"

హాజీగారు తలదించుకున్నాడు. "లేదమ్మా."

రొహాయు మెడ నుంచి చెవుల దాకా మండిపోతోంది. తిట్టినా ఇంత ఉండేది కాదు. తను అన్న అబద్ధం వాక్ చేతుల్లో, అరటాకులో పెట్టి ముడి వేసినట్టు, అందరిముందూ ఒక పద్ధతిలో కూర్చుంది. దాన్ని విప్పి చూపించే హక్కు కూడా తనకి లేకుండా పోయింది. వాక్ అప్పుడు మొదటిసారి తలెత్తి ఆమెకేసి చూసింది. ఆ సన్నని కళ్ళల్లో కోపం లేదు. మెత్తదనం కూడా లేదు. పళ్ళెంలో ఇటుక పెట్టేముందు దాన్ని చేత్తో తూచి చూసినట్టు ఉంది ఆ చూపు.

"అందుకని నేను గొడుగు కింద నడుస్తాను," అంది వాక్. "నా పళ్ళెం నాదే, నా చోటు నాదే. గొడుగు పట్టేది ఇది. నా ఎండ గురించి అంత బెంగపడిన మనిషిని టెంట్‌లో పెట్టుకుంటామా?"

"పెళ్ళికూతురు గొడుగు పడుతుందా ఎక్కడైనా?" అంది మిస్లియా అక్క. "మరి ముందు ఎవరు నడుస్తారు? ఫౌజాన్ ఒక్కడేనా, భార్య పారిపోయినవాడిలా?"

"వాడూ వెనక్కొచ్చి నడుస్తాడు, దాని పక్కన. వాళ్ళ నాన్న నడిచిన చోటే. ముందు డప్పులు నడుస్తాయి, వాటికేం సిగ్గు లేదు."

మిస్లియా అక్క తాడు వదిలేసింది. "పట్టుబట్టతో గొడుగు మొయ్యడం. చూడాలి నేనిది," అంది, కానీ గొంతులో వెటకారం తగ్గింది. హాజీగారు లేచి చెప్పులు వేసుకుని, వరసకేసి తిరిగి, రేపటి క్రమం మారిందని గట్టిగా చెప్పాడు. డప్పులు ముందు, పళ్ళేలు వెనక, కొత్త జంట వాక్ దగ్గర.

రొహాయు చాప అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. నడుము మీది బాటిక్ విప్పబోయింది.

"ఉంచుకో. ఇచ్చింది తీసుకోను," అంది వాక్. చాటని మోకాలి మీంచి దింపి, చేతులకంటిన కొబ్బరి దులుపుకుంది. "రేపు తెల్లవారుజాము నమాజు కాగానే మా ఇంటికి రా. గొడుగు జాలరు ఒక పక్క ఊడింది, మీ పెళ్ళిలో కారు తలుపులో ఇరుక్కుని. కుట్టాలి. నా కంటికి సూదిలో దారం ఎక్కదు. పసుపు దారం నీ దగ్గరుందా?"

"లేదు వాక్. తెస్తాను."

"తేవాలి మరి. కుట్టాక పెరట్లో రెండుసార్లు నడిచి చూద్దాం. గొడుగు ఎత్తిపట్టడం తేలికనుకుంటారు. సగం దారిలో చెయ్యి దిగిపోతుంది, కింద ఉన్నవాళ్ళ కంట్లో జాలరు పడుతుంది," అంది వాక్. "రేపు నీ చెయ్యి దిగకూడదు."